ముల్లు సల్లబడ్డది

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను వెతుక్కుంటూ అమరచింత వస్తుంటారు. కూర్చోకముందే ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తారు. ఎక్కడో ఒకతను ఏళ్లుగా పొదల్లో పడి ఉన్న కారు ఇంజనును బయటికి లాగుతాడు. దానికి రేడియేటర్ ఉండదు, నీళ్ల పంపు ఉండదు, ఫ్యాను ఉండదు. సీసాలో పెట్రోలు, పక్కన ఒక బ్యాటరీ, అంతే. నాలుగు దగ్గులు దగ్గి ఇంజను అందుకుంటుంది. అతను గంతులేస్తాడు.

"గిట్ల నడిపియ్యొచ్చా మేస్త్రీ?" అని అడుగుతారు.

నడపొచ్చు అంటాను. వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. ఎంతసేపు నడపొచ్చని మాత్రం ఒక్కడూ అడగడు. వాళ్లకు ఒక్కొక్కరికి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. అందుకే రాసి పెడుతున్నాను.

నా పేరు సామేలు. పని గద్వాలలో నేర్చుకున్నాను. వనపర్తిలో ఇంకొకరి కింద చేశాను. నాగర్‌కర్నూల్‌లో సొంత షెడ్డు పెట్టుకుని, మోకాళ్లు మొరాయించాక మూసేశాను. షెడ్డు ఎలా పెట్టాను, ఎవరు ముంచారు, ఎవరు తేల్చారు అనేది మా ఇంటామె చెప్తే బాగుంటుంది, ఆమెకు నాకంటే బాగా గుర్తు. నేను ఇక్కడ చెప్పేది ఒకే ఒక్క పని గురించి. నీళ్లు లేకుండా పాత ఇంజనును నడిపి చూడటం గురించి. ఆ పని పట్టుకుని నేను చివరికి మన్ననూర్‌లో ఒక మనిషి మంచం దాకా ఎలా పోయానో కూడా చెప్తాను.

నాడి చూసుడు

మాది కూలి కుటుంబం. మా నాయన, అమ్మ గుంపు మేస్త్రి వెంట ఆనకట్ట పనులకు, కాలువ పనులకు తిరిగేవాళ్లు. నేనూ తట్ట మోశాను. పని దగ్గర నీళ్లు తోడే ఇంజన్లు ఉండేవి. ఇంజన్ల మీద ఇష్టంతో ఈ పనిలోకి వచ్చానని చాలామందికి చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి వేరే. తట్ట మీద విరక్తితో వచ్చాను.

గద్వాలలో రహీం ఉస్తాద్ నన్ను పెట్టుకున్నాడు. పొట్టి మనిషి, మాటలు తక్కువ, తిట్లు ఎక్కువ. ఆయన షెడ్డుకు పాత అంబాసిడర్లు, పాత జీపులు వచ్చేవి. చాలావాటికి రేడియేటర్ కారిపోయి ఉండేది, నీళ్ల పంపు పట్టేసి ఉండేది. అవన్నీ బాగు చేసి తర్వాత చూస్తే లోపల ఇంజనే పనికిరానిదైతే బండి మనిషి గతి ఏమిటి? అందుకని ముందు ఇంజనులో ప్రాణం ఉందా లేదా చూడాలి. దాన్ని ఉస్తాద్ షెడ్డులో నాడి చూసుడు అనేవాళ్లం.

"నాడి చూసేటందుకు మనిషిని ఉరికిస్తమా?" అనేవాడు ఉస్తాద్. "చెయ్యి పట్టుకోవాలె, చూడాలె, ఇడ్సిపెట్టాలె. గంతే."

ఇంజను అందుకోగానే తెలియాల్సినవన్నీ తెలిసిపోతాయి. ఆయిల్ ప్రెజర్ వస్తోందా, అన్ని సిలిండర్లూ పలుకుతున్నాయా, కింద ఎక్కడన్నా కొట్టుకుంటోందా, పొగ ఏ రంగులో ఉంది. ఇవి చూడటానికి నిమిషం కూడా పట్టదు. ఆ తర్వాత నడిపేదంతా చప్పుడు వినాలన్న యావ. బండి మనిషికి ఆ యావ మరీ ఎక్కువ. "జర ఉండు ఉస్తాద్, జర వినిపియ్యి, జర రేజ్ చెయ్యి" అంటాడు. నీళ్లు లేని ఇంజన్లు నా కళ్లముందు పాడైపోయింది ఎక్కువగా ఆ 'జర' దగ్గరే.

ముల్లు మీద కాగితం

నాడి చూసే ముందు ఉస్తాద్ ఒక విచిత్రమైన పని చేసేవాడు. ముందు సీటు దగ్గర వేడి చూపించే ముల్లు ఉంటుంది కదా, దాని అద్దం మీద న్యూస్‌పేపర్ ముక్క ఉమ్మితో అంటించేవాడు. నేను కొత్తలో ఇదేదో దిష్టికి అనుకున్నాను. ఒకరోజు అడిగేశాను.

"అరే సామేల్, ముల్లు దేన్ని చూస్తది?"

"ఇంజను వేడిని."

"కాదు. నీళ్ల వేడిని చూస్తది. దాని మొన నీళ్లల్ల మునిగి ఉంటది. నీళ్లే లేవనుకో, అది ఉత్త గాలిల ఉంటది. కింద ఇనుము కాగిపోతుంటది, ముల్లు సల్లగున్నదని చెప్తది. దాన్ని చూసినోడు ఖుషీగ నడిపిస్తనే ఉంటడు."

ముల్లు ఎప్పటికీ లేవదని కాదు. లేచినా ఆలస్యంగా లేస్తుంది, తక్కువ చేసి చూపిస్తుంది. ఇంకో తీరు ఇంతకంటే మోసం. బండి పోతుండగా పైపు పగిలి నీళ్లన్నీ ఒక్కసారే కారిపోతే, ముల్లు ముందు ఎర్రగీత దాకా ఎగిరి, తర్వాత మెల్లగా కిందికి దిగుతుంది. తెలియనివాడు అమ్మయ్య అనుకుంటాడు. నిజానికి అప్పుడే ఇంజను కాలిపోతుంటుంది.

మరి ముల్లు లేకుండా ఎలా తెలుస్తుంది? అరచేయి. పొగ పోయే గొట్టానికి అవతలి పక్క, ఇంజను తల మీద, అంటే పైనుండే హెడ్డు మీద, అరచేయి ఆనించి ఉంచాలి. చేయి హాయిగా ఆనుతున్నంతసేపు పరవాలేదు. తీసేయాలనిపించిందంటే అప్పటికే ఆపాల్సిన సమయం వచ్చినట్టు. ఉస్తాద్ అరచేయి చెప్పు తోలులా ఉండేది. అందుకని ఆయన తన చేయిని నమ్మకుండా నా చేయి పెట్టించేవాడు. "నీది ఇంక మెత్తగుంది, జల్ది చెప్తది" అనేవాడు. కొన్నేళ్లకు నాదీ అలాగే అయింది, అది వేరే మాట.

కొబ్బరికాయ

గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి వేసే రైతు ఒకాయన, చనిపోయిన వాళ్ల నాయన కారును తీసుకొచ్చాడు. అది కదిలి ఏళ్లయింది. ఉస్తాద్ వారమంతా దాని వెంట పడ్డాడు. నాడి చూసే రోజు రైతు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చాడు. ఇంజను అందుకుంది. ఆ చప్పుడు విని రైతు నిలబడి ఏడ్చాడు. "జర ఉండనియ్యి ఉస్తాద్, మా నాయన వచ్చినట్టుంది" అన్నాడు. ఆ మాట విన్నాక ఇంజనును ఆపే తీగ పీకడానికి ఎవరికి చేతులొస్తాయి? ఉస్తాద్ కాసేపు ఊరుకున్నాడు, తర్వాత ఆపాడు.

ఆపిన వెంటనే రైతు కొబ్బరికాయ అందుకున్నాడు. మన దగ్గర ఏ యంత్రం లేచినా కాయ కొట్టందే మనసు ఒప్పదు. ఎవరైనా టైరు ముందు కొడతారు. ఈయన సంబరం పట్టలేక ఇంజను అంచుకే కొట్టాడు. నీళ్లన్నీ కాగిన తల మీద పడ్డాయి. సుయ్యిమంది. దాని వెనకే టిక్కుమని చిన్న చప్పుడైంది, గాజు గిన్నె పగిలినప్పుడు వచ్చేటంత.

ఉస్తాద్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. వారం రోజుల పని మీద జుట్టంత సన్నని గీత పడింది. రైతుకు ఏం జరిగిందో తెలియలేదు, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అందరినీ తిట్టే ఉస్తాద్ ఆయన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. "దేవునికి కొట్టిండు, ఏమంటం" అన్నాడు మాతో. ఇంకో తల వెతికి తెచ్చి వేసిచ్చాడు.

ఆ రోజు నుంచి షెడ్డులో రెండు కట్టుబాట్లు వచ్చాయి. కాయ కొట్టాలంటే ఇంజను ఎత్తకముందే, అంటే స్టార్టు చేయకముందే, అదీ టైరు దగ్గర. రెండోది, వేడి ఇంజను ఆపాక దాని దగ్గర ఎవరూ నిలబడకూడదు. నీళ్ల డబ్బా చేతిలో ఉంటే పోయాలనిపిస్తుంది, అది మనిషి గుణం. కాబట్టి దూరం పోయి చాయ్ తాగాలి, లేదా బీడీ తాగాలి. బీడీ అయిపోయాక ఇంకో బీడీ. ఇనుము దానంతట అది చల్లారాలి. నా షెడ్డుకు వచ్చిన ప్రతి డ్రైవరుకూ నేను ఈ మాట చెప్పి పంపాను. దారిలో ఇంజను కాగితే ఆపు, దూరం పోయి బీడీ ముట్టించు, నీళ్లు మాత్రం అప్పుడే పోయకు అని. విన్నవాళ్లలో మన్ననూర్ బాలస్వామి ఒకడు.

చేసే పద్ధతి

బాలస్వామి దగ్గరికి పోయేముందు పద్ధతి చెప్పేస్తాను. మీరు వచ్చింది దానికోసమే కదా.

ఇంజను తిరుగుతుందో లేదో ముందు చేత్తో చూడండి. ప్లగ్గులు తీసి రంధ్రాల్లో కాస్త ఆయిల్ వదిలి, హ్యాండిల్ వేసి మెల్లగా తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే బలం చూపించకండి, ఇంకా ఆయిల్ పోసి మర్నాడు రండి. పాత ఆయిల్ తీసి కొత్తది పోయండి. నీళ్లు లేనప్పుడు ఇంజనుకు ఉన్న దిక్కు ఆ ఆయిలే. ప్లగ్గులు పెట్టకముందే సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెజర్ పైకి వచ్చేదాకా తిప్పండి. ప్రెజర్ రాని ఇంజనును ఎత్తకండి.

ఫ్యాను బెల్టు తీసేయండి. ఇంజను బండిలో లేకపోతే నేల మీద పెట్టి నడపకండి, చట్రానికి బిగించండి. అది అందుకున్నప్పుడు పక్కకు తిరగబడుతుంది. పెట్రోలు సీసా పొగ గొట్టానికి ఎదురు పక్క, ఎత్తులో, కదలకుండా కట్టండి. తడి గోనెసంచి, ఇసుక బకెట్ చేతికి అందేంత దగ్గర ఉండాలి. పైన చెప్పిన బీడీ షెడ్డు బయట, పెట్రోలుకు దూరంగా తాగేది. లోపల తాగేవాడికి నా షెడ్డులో పని ఉండేది కాదు. తలుపులు బార్లా తెరవండి, ఆ పొగ మనిషిని నిద్రపుచ్చినట్టే చంపుతుంది. కండువా, లుంగీ కొంగు, మెడలో దండ, ఏదీ వేలాడకూడదు.

ఎత్తకముందే ఎలా ఆపాలో చూసుకోండి. తాళం తిప్పితే ఆగుతుందని నమ్మకండి, పాత వైర్లలో ఏం జరిగిందో ఎవరికి తెలుసు. కాయిల్ నుంచి వచ్చే తీగ ఎక్కడుందో, దాన్ని ఎవరు పీకాలో ముందే అనుకోండి. ఆ మనిషికి వేరే పని చెప్పకండి.

ఎత్తాక రేజ్ చేయకండి. మెల్లగా తిరగనివ్వండి. చూడాల్సింది చూసి ఆపండి. మళ్లీ చూడాలనుకుంటే పూర్తిగా చల్లారాకే. ఇంకా ఎక్కువసేపు నడపాల్సిన పని ఉంటే దానికి నాడి చూసుడు పనికిరాదు. ఒక డ్రమ్ము నీళ్లు, రెండు పైపులు తెచ్చి, ఒకదాంట్లోంచి నీళ్లు లోపలికి పోయి రెండోదాంట్లోంచి డ్రమ్ములోకి వచ్చేట్టు కట్టి నడపండి. అది కూడా ఇంజను చల్లగా ఉన్నప్పుడే కట్టాలి.

వనపర్తిలో నేను పనిచేసిన యజమానికి ఈ మాటలేవీ పట్టేవి కావు. మంచివాడే, పనివాళ్లకు ఆకలైతే ముందు ఆయనే కనిపెట్టేవాడు. కానీ ముల్లంటే ఆయనకు గురి. "మీటర్ ఉండంగ చెయ్యెందుకురా, దవాఖానల డాక్టర్ నుదురు ముట్టి జరం చెప్తడా?" అని నవ్వేవాడు. చదువుకున్నవాడు, చదువులేనివాడు అని కాదు, ముల్లు చూపిస్తే నమ్మాలనిపిస్తుంది ఎవరికైనా. ఆ సంగతి నాకు బాగా అర్థమైంది మాత్రం మన్ననూర్‌లోనే.

మణెమ్మ ఫోన్

షెడ్డు మూసేసి అమరచింతలో ఉన్నాను. ఒక పొద్దున ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను మన్ననూర్ మణెమ్మను. బాలస్వామి ఇంటిదాన్ని. యాదికున్ననా?"

గుర్తు లేకపోవడమేమిటి. బాలస్వామి దగ్గర ఒక తెల్ల అంబాసిడర్ ఉండేది. నల్లమల లోపలి ఊళ్ల నుంచి పురుటి నొప్పులు వచ్చినవాళ్లను, పాము కరిచినవాళ్లను అందులోనే పెద్ద దవాఖానకు చేర్చేవాడు. బండి నా షెడ్డుకు వస్తే రిపేరుకంటే ముందు సీట్ల మీది నెత్తురు మరకలు కడుక్కునేవాడు. తర్వాత ఏమైందో, రావడం మానేశాడు. పక్షవాతం వచ్చిందని, మాట పడిపోయిందని ఎవరో చెప్పగా విన్నాను.

"బండికి రేడియేటర్ లేదన్నా, ఆయననే ఇప్పి పక్కన పెట్టిండు. మా తమ్ముడు పాత ఇనుమోళ్లను పిల్సిండు, రేపు వస్తరంట. అది పోకముందు ఒక్కపారి నువ్వొచ్చి ఇంజను నడిపి చూడాలె."

"అమ్మేదానికి ఎందుకమ్మా?"

"అమ్మకం కోసం కాదన్నా. మా ఆయన ఆ దినం బండి కోసం ఆపిండా, మనిషి కోసం ఆపిండా, నాకు తేలాలె. ఊర్ల ఒక మాట ఉండిపోయింది. చెప్పుకుందామంటే ఆయనకు నోరు లేకపాయె."

ఆ మాట ఏమిటో ఆమే చెప్పింది. అడవి లోపల, పెంట అని పిలిచే చిన్న గూడెంలో అంకన్న అని ఒకతను ఉంటాడు. అటవీ శాఖలో రోజుకూలి పని, ఎండాకాలం జంతువుల కోసం తొట్లలో నీళ్లు నింపుతాడు. కొన్నేళ్ల కిందట అతని భార్య ఈదమ్మకు నొప్పులు మొదలైతే బాలస్వామి బండి తీసుకుని పోయాడు. నడి ఎండ. దారి అంతా రాళ్లు. వెనక సీట్లో ఈదమ్మ, ఆమె తల్లి. ముందు సీట్లో అంకన్న. బాలస్వామి చూపు దారి మీద ఉండాలి కాబట్టి ముల్లు చూడమని అంకన్నకు అప్పజెప్పాడు. ఎర్రగీత దగ్గరికి వస్తే చెప్పమన్నాడు.

ముల్లు ఎర్రగీత దాకా లేచింది. అంకన్న చెప్పాడు. బాలస్వామి బండి నిదానం చేశాడు. కాసేపటికి ముల్లు కిందికి దిగింది. "సల్లబడ్డది, పోనియ్యి బాలన్నా" అన్నాడు అంకన్న. సరిగ్గా అప్పుడు బాలస్వామి బండి ఆపేశాడు. ఫోన్లు అందని చోటు అది, ఇంకో బండి వచ్చే దారి కాదు. అంకన్న ఉరికిపోయి జంతువుల తొట్టిలోంచి క్యానుతో నీళ్లు తెచ్చాడు. బాలస్వామి పోయనివ్వలేదు. దూరం పోయి రాయి మీద కూర్చుని బీడీ ముట్టించాడు. అదయ్యాక ఇంకొకటి. తర్వాతే లేచి, పగిలిన పైపుకు సైకిల్ ట్యూబు చుట్టి, పైన అంకన్న తువ్వాలు బిగించి, నీళ్లు పోసి, బండి ఎత్తాడు. దవాఖానకు చేరారు. ఈదమ్మ బతికింది. బిడ్డ బతకలేదు.

అంకన్న కొట్లాడలేదు, కేసు పెట్టలేదు. ఒక్క మాట అన్నాడు. "ఇంజను సల్లబడ్డంక గుడ ఆపిండు. నా బిడ్డ సల్లబడ్డదాక బీడీ తాగిండు." ఆ మాట ఊళ్లన్నీ తిరిగింది. బాలస్వామి ఇంటికి వచ్చి రేడియేటర్ విప్పి మూలన పెట్టాడు. మళ్లీ బండి ఎక్కలేదు. మాట పడిపోయింది తర్వాత, కానీ మణెమ్మ చెప్పేది ఆయన ఆ రోజు నుంచే మాట్లాడటం తగ్గించాడని.

ఫోన్ పెట్టేశాను. ఆ బీడీ నేను చెప్పిన బీడీ. నా మాట విన్నందుకు ఆయనకు ఈ పేరు వచ్చింది. సామాన్ల సంచి, ఒక బ్యాటరీ తీసుకుని బయల్దేరాను.

నడిపిన రోజు

రేకుల షెడ్డులో బండి ఉంది. మూలన రేడియేటర్, దాని పైపుకు ఇంకా ఆకుపచ్చ తువ్వాలు ముడి. బాలస్వామిని మంచంతో సహా షెడ్డు ముందుకు తెచ్చారు. కుడి చేయి ఒళ్లో పడి ఉంది. నోరు ఒక పక్కకు లాగేసింది. నన్ను చూడగానే కళ్లు నీళ్లతో నిండాయి. నాకూ ఆగలేదు.

గడప అవతల ఒకతను నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"అంకన్న" అంది మణెమ్మ. "నేనే పిల్సిన. ఆ మాట అన్నోని ముందలనే నడువాలె."

పని మొదలుపెట్టాను. ప్లగ్గులు తీసి చూశాను, ఆయిల్ వదిలాను, హ్యాండిల్ వేశాను. మెత్తగా తిరిగింది. అప్పుడే నాకు సగం తెలిసింది. కాలిపోయిన ఇంజను అలా తిరగదు. ఆయిల్ మార్చి, ప్రెజర్ రప్పించి, సీసా కట్టి, అలవాటు చొప్పున ముల్లు మీద కాగితం అంటించాను. తీగ దగ్గర మణెమ్మను నిలబెట్టి, నేను ఊ అంటే పీకమన్నాను.

రెండో సెల్ఫ్‌కే అందుకుంది. ఎక్కడా కొట్టుకోలేదు, ఒక్క సిలిండరూ తప్పలేదు. మంచం మీద బాలస్వామి కళ్లు మూసుకుని వింటున్నాడు. మణెమ్మ ముఖంలో నవ్వు. నా అరచేయి తల మీద ఉంది.

అప్పుడు గడప దగ్గర నుంచి అంకన్న అన్నాడు. "గింత మంచిగున్నదా ఇంజను. ఏం కాలేదన్నట్టు. మరి ఆ దినం ఆపుడెందుకు?"

మణెమ్మ నవ్వు చెదిరిపోయింది. ఆమె అడిగిందే ఆమెకు ఎదురు తిరిగింది. ఇంజను చెడిపోయి ఉంటే ఆలస్యంగా ఆపాడంటారు, బాగుంటే ఊరికే ఆపాడంటారు. బాలస్వామి కళ్లు తెరవలేదు.

నా అరచేయి ఇక ఆనలేనంది. "ఊ" అన్నాను. మణెమ్మ తీగ పీకింది. ఇంజను ఆగింది.

"అంకన్నా, ఇటు రా" అన్నాను. "ఆ దినం నువ్వు చూసింది ఏంది?"

"ముల్లు. నన్ను గదే చూడమన్నడు. పైకి లేసింది, కిందికొచ్చింది. నా కండ్లతోని చూసిన."

"నీ కండ్లు మంచిగనే చూసినయి. ఇప్పుడు చూడు." కాగితం పీకేశాను. తాళం ఇంకా తిప్పే ఉంది. "ముల్లు ఏడుంది?"

అతను తలుపులోంచి వంగి చూశాడు. "అడుక్కే ఉంది. సల్లగనే ఉంది."

"అట్లయితే ఇంజను మీద చెయ్యి పెట్టు. వేలి కొసతో, మెల్లగ."

నా మాట సగమే విన్నాడు. కోపంతో ఉన్న మనిషి, అరచేయంతా ఆనించాడు. చటుక్కున లాక్కున్నాడు. చేయి ఎర్రబడింది. ముల్లు వైపు చూశాడు. చేతి వైపు చూశాడు. మళ్లీ పోయి ముల్లు వైపు చూశాడు.

"దీన్ల నీళ్లు లేవు అంకన్నా. నీళ్లు లేకుంటే ముల్లుకు ఏం తెల్వదు. ఆ దినం పైపు పగిలి నీళ్లన్నీ పొయినయి. అందుకే ముల్లు కిందికొచ్చింది. ఇంజను సల్లబడి కాదు. బాలస్వామికి కాలిన వాసన తగిలుంటది, ఆపిండు."

"నీళ్లు తెచ్చిన గద నేను. పొయ్యనియ్యలే."

"పోస్తే తల పలిగేది. నేను గద్వాలల కండ్లార చూసిన, కొబ్బరి నీళ్లకే పలిగింది. దూరం పోయి బీడీ తాగుమని చెప్పింది నేను. నా షెడ్డుకు వచ్చినోళ్లందరికీ గదే చెప్పిన. ఆయన నా మాట విన్నడు."

అంకన్న కమిలిన చేతిని చొక్కాకు రుద్దుకున్నాడు. తర్వాత, "ఆపకపోయుంటే?" అన్నాడు.

"కొంచెం దూరం పోయి ఇంజను పట్టేసేది. ఇగ కదిలేది కాదు. అడవిల ఉండిపోయేటోళ్లు మీరు."

"బిడ్డ?"

ఇక్కడ నేను అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "నాకు తెల్వదు అంకన్నా. ఇంజను సంగతే తెలుసు నాకు. ఈదమ్మ సంగతి నీకు తెలుసు."

ఈదమ్మ ఇంట్లో ఉంది. ఆ తర్వాత పుట్టిన ఆడపిల్ల బడికి పోతోంది. అతను చేతి వైపే చూసుకుంటూ నిలబడ్డాడు. మూలన ఉన్న తన ఆకుపచ్చ తువ్వాలు అప్పుడు కనబడినట్టుంది, దాని దగ్గరికి పోయి ముడిని ఒకసారి ముట్టుకున్నాడు. మణెమ్మ పక్కకు పోయి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఆ ఇనుమోళ్లను రావద్దను" అంది.

అంకన్న మంచం దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు.

"నన్ను ముల్లు చూడమన్నవు బాలన్నా" అన్నాడు. "నేను అదే చూసిన. ఇన్నేండ్లు అదే చూసుకుంట ఉన్న."

బాలస్వామి ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు, గొంతులో చప్పుడొచ్చింది. ఎడమ చేయి చాపి అంకన్న చేయి పట్టుకున్నాడు. తిప్పి అరచేయి చూశాడు. ఎర్రగా కమిలి, మధ్యలో అప్పుడప్పుడే పొక్కు లేస్తోంది. ఆ చేతిని నోటి దగ్గరికి తెచ్చుకుని ఊదసాగాడు. పెదవులు కలవక ఊపిరి సగం పక్కకే పోతోంది. అయినా ఊదుతూనే ఉన్నాడు. అంకన్న చేయి తీయలేదు.